కాలువ మొగలో వేటకు దురాయి (ఊరి కట్టుబాటు) పెడితే మేలు జరుగుతుందా? ఇండోనేషియా ‘సాసి’ గురించి తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న (ఇందుకూరుపేట మండల వాసి):

అందరికీ నమస్కారం. మాది మైపాడుకు దగ్గరలోని పట్టపు (మత్స్యకారుల) ఊరు. ఊరి పక్కన ఉప్పుకాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర కొన్నేళ్లుగా దోమతెరంత సన్నకన్ను వలలతో చేప పిల్లలను, రొయ్య పిల్లలను ఊడ్చేస్తున్నారు. మొన్న ఒక బుట్టలోకి తొంగి చూస్తే మడవ పిల్లలు వేలెడు పొడవు కూడా లేవు. కొనేవారు లేక సగం ఇసుకలోనే ఎండిపోయాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఏటా అమలవుతున్నా, అది సముద్రంలోకి వెళ్లే మోటారు పడవలకే గనుక మొగలోని వలలను ఎవరూ ఆపడం లేదు. అందుకని మొగలో నాలుగు నెలలపాటు వల వేయకూడదని దురాయి పెట్టాలని మా కాపులు (ఊరి పెద్దలు) ఆలోచిస్తున్నారు. ఇండోనేషియాలోని మలుకు దీవుల్లో ‘సాసి’ పేరుతో ఇటువంటి కట్టుబాటే తరతరాలుగా ఉందని చదివాను. అది నిజంగా నిలిచిందా? ఆ నెలల్లో జనం ఎలా బతుకుతారు?

జవాబు 1 (ముత్తుకూరులో మత్స్యశాస్త్రం చదివినవాడిని):

మీ మొగను పోలిన ఉదాహరణ మలుకులోని హరుకు దీవిలో ఉంది. అక్కడ లోంపా అనే చిన్న చేప పగలంతా ఏటిలో ఉండి, రాత్రి సముద్రంలోకి వెళ్లి, తెల్లవారేలోపు తిరిగి వస్తుంది. ఒడ్డు వెంట లోంపా పిల్లలు కనబడగానే ‘కెవాంగ్’ అనే ఊరి కాపలా పెద్దలు సాసి మొదలైందని చాటిస్తారు. ఆ తరువాత కొన్ని నెలలపాటు ఏటిలో వల వేయకూడదు, ఇంజను నడుపుతూ పడవలో పోకూడదు, అంట్లు కూడా తోమకూడదు. సాసి ఎత్తివేసే రోజు తెల్లవారుజామున ఏటి మొగ దగ్గర ఎండు కొబ్బరాకులతో మంట వేస్తారు. ఆ వెలుగుకు చేపలు గుంపుగా ఏటిలోకి వచ్చాక ఊరంతా ఒక్కసారిగా దిగుతుంది. ఈ సంరక్షణకు గుర్తింపుగా 1985లో ఆ ఊరికి ఇండోనేషియా ప్రభుత్వం కల్పతరు పురస్కారం ఇచ్చింది.

జనం ఎలా బతుకుతారన్నదే అసలు ప్రశ్న అని నేను కూడా అనుకుంటాను. సాసి సాధారణంగా సముద్రం మొత్తాన్ని మూయదు. ఒక ఏరునో, ఒక దిబ్బనో, ఒక్కోసారి ఒక్క జాతినో మాత్రమే మూస్తుంది గనుక, మిగిలిన చోట వేట సాగుతూనే ఉంటుంది. మిసూల్ దీవి దగ్గర కపాట్‌చోల్ ఊరిలో సముద్ర దోసకాయలకు, రాతి రొయ్యలకు పెట్టిన సాసిని ఆడవారి బృందమే నడుపుతోంది.

అయితే అన్ని ఊళ్లలోనూ ఇది నిలవలేదు. 1979లో వచ్చిన గ్రామపాలన చట్టం దేశమంతటా ఊళ్లకు ఒకే తీరు పాలనను రుద్దడంతో పాత పెద్దల మాటకు బలం తగ్గింది. కొన్ని ఊళ్లలో సాసి ఫలసాయాన్ని వర్తకులకు వేలం వేశారు. మన చెరువుల వేలంపాటలు చూసినవారికి దాని ఫలితం వేరే చెప్పనక్కరలేదు. ఫలం తమది కానప్పుడు ఆంక్ష మాత్రం మేమెందుకు మోయాలని ఊరివారు అనుకోవడం సహజం. మీ దురాయిలో మొదటి రోజు వేట ఎవరిదో, ఎవరికి ఎంత వాటానో ముందే తేల్చుకోవాలని నా గట్టి మనవి.

జవాబు 2 (కొత్తపట్నం, ప్రకాశం జిల్లా):

కాపులు కూర్చుని నిర్ణయిస్తున్నారన్నారు. ఆ మొగను నమ్ముకుని బతికే యానాది గిరిజనులు ఆ కూటంలో ఉన్నారా? మా వైపు యానాది ఆడవారు నీళ్లు తీసిన (ఆటు) సమయంలో మోకాలి లోతు బురదలో దిగి, బొరియలో మోచేతి దాకా చేయి పెట్టి మండ పీతను పట్టి, డెక్కలకు నార చుట్టి బుట్టలో వేసుకుంటారు. ఆ పూట బియ్యం దానితోనే వస్తాయి. మొగ మూసినా పడవ ఉన్నవారు సముద్రం మీదికి పోగలరు. వీరికి పడవ లేదు. వేట నిషేధ కాలంలో ప్రభుత్వమిచ్చే భృతి కూడా పడవల మీద వేటకు పోయేవారికే అందుతుంది. పిల్లలను ఊడ్చేది సన్నకన్ను వల అయినప్పుడు దురాయి ఆ వల మీదనే పెట్టి, చేతితో పట్టే వేటను విడిచిపెట్టడం న్యాయమని నా అభిప్రాయం. ఇంకొక మాట: తప్పు చేసినవారిని వెలి వేయడం వంటి శిక్షలు దయచేసి పెట్టవద్దు. జరిమానా చాలు.

జవాబు 3 (జువ్వలదిన్నె):

దురాయికి మీ ఊరివారు కట్టుబడతారు, బయటి నుంచి వచ్చే సోనాబోట్లు (పెద్ద మర పడవలు) కట్టుబడవు. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే వదలాలన్న నిబంధన మన రాష్ట్రంలో ఉన్నా, ఆ బోట్లు లోపలికి వచ్చి మా వలలు తెంపుకుపోవడం మేము ఎన్నోసార్లు చూశాము. ఇండోనేషియా జావా, సుమత్రా వంటి దీవుల చుట్టూ ట్రాలింగ్‌ను (మర పడవతో పెద్ద వలను ఈడ్చే వేటను) నిషేధిస్తూ 1980లోనే ఆదేశం ఇచ్చింది. పెద్ద పడవలను అదుపు చేయకుండా ఊరివారినే ఉపవాసం ఉండమనడం ఎంతకాలం సాగుతుంది? దురాయి తీర్మానం ప్రతిని మత్స్యశాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. యానాదుల సంగతి మా చర్చలో ఒక్కసారి కూడా రాలేదని ఒప్పుకోవడానికి బాధగా ఉంది. మా చిన్నాయన కాపులలో ఒకరు. ఈ జవాబులు ఆయనకు చదివి వినిపించాను. కూటాన్ని వచ్చే అమావాస్యకు వాయిదా వేయిస్తానని, ఈలోపు సంఘానికి (యానాదుల వాడకు) వెళ్లి వారు ఏ నెలల్లో ఎక్కడ పీతలు పడతారో అడిగి వద్దామని అన్నారు. రేపు ఉదయం నీళ్లు తీయకముందే ఇద్దరం వెళ్తున్నాము.