కంపెనీకి రాయితీ ఇస్తే ఆ ప్రాంతంలో ఉద్యోగాలు నిలుస్తాయా?

తూర్పుగాలి (చర్చ మొదలు)

వెనకబడిన ప్రాంతంలో ఉపాధి పెంచాలి అనగానే ప్రభుత్వాలకు ముందు తట్టేది ఒక పెద్ద కంపెనీని రప్పించడం. అందుకోసం చవగ్గా భూమి, పన్ను మినహాయింపు, కరెంటు ఛార్జీల్లో తగ్గింపు ఇస్తారు. ఇదంతా జనం కట్టిన పన్నుల డబ్బే కాబట్టి ఫలితం ఏమిటని అడిగే హక్కు మనకుంది. నా వాదన ఇది: కంపెనీ చేతిలో పెట్టే డబ్బు కంటే, కంపెనీ వెళ్ళిపోయినా ఆ ప్రాంతంలోనే మిగిలే వాటి మీద పెట్టే డబ్బు మేలు.

2017లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసే ఫాక్స్‌కాన్‌కి దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలు ఒప్పుకుంది. కంపెనీ 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతానంది, 13,000 దాకా ఉద్యోగాలు ఇస్తానంది. 2021లో ఆ ఒప్పందాన్ని తిరగరాస్తే మిగిలింది 1,454 ఉద్యోగాలు, 67.2 కోట్ల డాలర్ల పెట్టుబడి. ఈలోగా మౌంట్ ప్లెజెంట్ అనే ఊరు ఆ ఫ్యాక్టరీ కోసం ఇళ్ళు ఖాళీ చేయించి భూమి సేకరించింది, అప్పు తెచ్చి రోడ్లు, నీటి లైన్లు వేసింది. దీన్ని అభివృద్ధి అందామా?

లెక్కలపద్దు

తూర్పుగాలి గారూ, ఆ ఉదాహరణలో ఒక సంగతి బయటికి రాలేదు. రాష్ట్రం ఇస్తానన్న పన్ను క్రెడిట్లు, అంటే పన్నుల ద్వారా ఇచ్చే రాయితీలు, నియామకాల సంఖ్యకు ముడిపడి ఉన్నాయి. లక్ష్యం అందుకోలేదు కాబట్టి అందులో అధిక భాగం చెల్లించనే లేదు. ఇరుక్కున్నది ముందే ఖర్చు పెట్టేసిన స్థానిక పాలకవర్గం. అంటే లోపం రాయితీలో కంటే ఒప్పందం రాసిన తీరులో ఉంది. ఇంకో మాట. తర్వాత ఆ ప్రాంతంలోనే మైక్రోసాఫ్ట్ స్థలం కొని డేటా సెంటర్ కట్టడం మొదలుపెట్టింది. భూమి, కరెంటు, నీళ్ళు అప్పటికే సిద్ధంగా ఉండబట్టే కదా?

ప్రభుత్వ పెట్టుబడితో ఒక ప్రాంతం మారిపోదనే వాళ్ళు అమెరికాలోని టెన్నెసీ లోయను చూడాలి. 1933లో అక్కడ ప్రత్యేక సంస్థ పెట్టి ఆనకట్టలు, కరెంటు, రోడ్ల మీద దశాబ్దాల పాటు ఖర్చు చేశారు. క్లైన్, మొరెట్టి అనే ఆర్థికవేత్తలు 2014లో దాన్ని లెక్కగట్టారు. సాయం ఆగాక వ్యవసాయంలో వచ్చిన ఉపాధి కరిగిపోయింది, కర్మాగారాల్లో వచ్చినది మాత్రం సాయం ఆగిన తర్వాత కూడా పెరుగుతూనే వచ్చింది.

ప్రవాహం

మీరిద్దరూ ఉద్యోగాన్ని మనిషి దగ్గరికి తేవాలనే చూస్తున్నారు. మనిషి ఉద్యోగం దగ్గరికి ఎందుకు వెళ్ళకూడదు? అమెరికా రాష్ట్రాల మీద బ్లాంచర్డ్, కాట్జ్ 1992లో చేసిన అధ్యయనం చూడండి. ఒక రాష్ట్రంలో ఉద్యోగాలు పడిపోతే కొన్నేళ్ళకు నిరుద్యోగ రేటు మళ్ళీ మామూలు స్థాయికి వచ్చేది. కొత్త ఉద్యోగాలు పుట్టి కాదు, జనం వేరే చోటికి వెళ్ళిపోయి. ప్రాంతాన్ని కాపాడటం వేరు, మనుషుల్ని కాపాడటం వేరు. డబ్బు మనుషులకు అందితే చాలు. వలసకు ఖర్చులు, వెళ్ళిన చోట కొన్ని నెలల అద్దె ఇవ్వండి.

తూర్పుగాలి

ప్రవాహం గారూ, మీరు చెప్పిన ఆ సర్దుబాటు తర్వాతి కాలంలో జరగలేదు. చైనా దిగుమతుల దెబ్బ తిన్న అమెరికా ప్రాంతాలను ఆటర్, డార్న్, హాన్సన్ 2013లో పరిశీలించారు. ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి, కానీ జనాభా పెద్దగా తగ్గలేదు. నిరుద్యోగం పెరిగింది, వైకల్య భృతి తీసుకునేవాళ్ళు పెరిగారు. జనం కదల్లేదు.

ఎందుకు కదల్లేదో నాకు తోచింది చెప్తాను. ఉపాధి పోయిన చోట ఇంటి ధర కూడా పడిపోతుంది. అమ్మితే వచ్చే డబ్బుతో, పని దొరికే నగరంలో ఒక గది కూడా రాదు. పైగా పిల్లల్ని చూసుకునే అమ్మమ్మ, మంచంలో ఉన్న తండ్రి, ఇరవై ఏళ్ళుగా ఒకే మెషీన్ మీద పనిచేసిన అనుభవం, ఇవేవీ సూట్‌కేసులో సర్దుకుపోయేవి కావు. వెళ్ళగలిగేది చదువుకున్న కుర్రవాళ్ళే. వాళ్ళు వెళ్ళాక ఊరి దుకాణానికి బేరం తగ్గుతుంది, బడిలో పిల్లలు తగ్గుతారు, పన్ను రాబడి తగ్గుతుంది. ఉండిపోయినవాళ్ళకు చేతకాదని కాదు, దారి లేదు. వాళ్ళను గణాంకాల్లో మిగులుగా చూడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

లెక్కలపద్దు గారూ, మీ టెన్నెసీ ఉదాహరణ నిజానికి నా వైపు మాట్లాడుతోంది. అక్కడ ఖర్చు పెట్టింది కరెంటు మీద, రోడ్ల మీద. ఒక కంపెనీ ఖాతాలో వేయలేదు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది: దేశం మొత్తం మీద చూస్తే, ఒకచోట పరిశ్రమలు గుమిగూడటం వల్ల కలిగే లాభం మరోచోట నష్టంతో చెల్లుకు చెల్లు అయింది. రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి వేలం పాడితే దేశానికి ఒరిగేది తక్కువ.

టిమోతీ బార్టిక్ అనే ఆర్థికవేత్త 2018లో పాత అధ్యయనాలు పరిశీలించి, ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలనే కంపెనీల నిర్ణయాల్లో రాయితీ వల్ల మారేవి 2 నుంచి 25 శాతమే అని తేల్చారు. అంటే నూటికి కనీసం డెబ్భై ఐదు సందర్భాల్లో ఎలాగూ వచ్చే వాళ్ళకే డబ్బిస్తున్నాం.

గట్టుమీద

వచ్చిన ఉద్యోగాలు స్థానికులకే దక్కేలా చట్టం చేస్తే సరిపోదా? బయటివాళ్ళొచ్చి చేరిపోతే ఆ ఊరికి మిగిలేది ట్రాఫిక్, పెరిగిన అద్దెలే.

లెక్కలపద్దు

ఆ ప్రయత్నాలూ జరిగాయి. ప్రైవేటు రంగంలో 75 శాతం స్థానికులకు ఇవ్వాలంటూ హర్యానా చేసిన చట్టాన్ని పంజాబ్-హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ కూడా 75 శాతం చట్టం చేసింది. అందులో నాకు నచ్చినది కోటా కాదు, ఒక షరతు: నైపుణ్యం ఉన్న స్థానికులు దొరక్కపోతే, ప్రభుత్వ సహకారంతో మూడేళ్ళలోగా శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. కోటా మాత్రమే ఉంటే కంపెనీ పక్క రాష్ట్రానికి పోతుంది. శిక్షణ ఉంటే ఆ మనిషి ఈ కంపెనీలో కాకపోతే ఇంకో దాంట్లో చేరతాడు.

ప్రవాహం

శిక్షణ దగ్గర నేనూ మీతోనే. నైపుణ్యం ఉంటే ఉండదలుచుకున్నవాళ్ళు ఉంటారు, వెళ్ళదలుచుకున్నవాళ్ళు వెళ్తారు. కానీ ఏ నైపుణ్యం? ఎక్కడా ఖాళీలు లేని ట్రేడులో సర్టిఫికెట్లు పంచితే అది కూడా వృథా ఖర్చే. వలస సాయం మీద నా మాట మాత్రం మార్చుకోను.

తూర్పుగాలి

మార్చుకోమని అడగను. వెళ్ళాలనుకునేవాళ్ళకు సాయం అందాల్సిందే, దాన్ని ఉండిపోయేవాళ్ళ డబ్బులోంచి కోయకుండా ఉంటే చాలు. శిక్షణ విషయంలో పాఠాలు ఖరారు చేసేటప్పుడు చుట్టుపక్కల ఉన్న చిన్న యూనిట్లవాళ్ళను కూర్చోబెట్టాలి. పదిమంది, ఇరవైమంది పనిచేసే ఆ యూనిట్లకు మార్కెట్ సమాచారం, నాణ్యత పరీక్షల సదుపాయం, సకాలంలో అప్పు అందించడం మీద ఎవరికీ శ్రద్ధ లేదు. ప్రారంభోత్సవానికి అక్కడ పెద్ద వేదిక ఉండదు కదా.

పెద్ద కంపెనీ వద్దనే పంతం నాకు లేదు. వస్తే రానివ్వండి, అడిగేవి నాలుగు. ఒప్పందం మొత్తం జనానికి కనిపించాలి. నియామకాలు అయ్యాకే రాయితీ ఇవ్వాలి. మాట తప్పితే ఇచ్చింది వెనక్కి రాబట్టాలి. నాలుగోది మౌంట్ ప్లెజెంట్ చూశాక వదలలేనిది: రోడ్లకూ నీళ్ళకూ స్థానిక పాలకవర్గం చేసే అప్పుకు కంపెనీ నుంచి బ్యాంకు గ్యారంటీ ముందే చేతికి రావాలి. అది రానిదే ఒక్క ఇల్లు కూడా ఖాళీ చేయించకూడదు.