అప్‌డేట్: 50° కోణం కొలిస్తే 130° అంటున్న సమస్య తీరింది

మా పాప ఏడో తరగతి. కోణమానినితో (ప్రొట్రాక్టర్) 50°ని 130° అని చదువుతోందని, సమాంతర రేఖల లెక్కలన్నీ తప్పుతున్నాయని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది "ముందు అంచనా" సలహా. కోణం లంబకోణం కన్నా చిన్నదా, పెద్దదా అని చెప్పాకే కోణమానిని పెట్టాలి. కోణమానిని మీద అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి కదా, కోణం ఒక భుజం ఏ సున్నా మీద ఉందో, ఆ సున్నాతో మొదలయ్యే వరుసలోనే చదవాలి. ఒకే గీత దగ్గరున్న రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ 180 వస్తుందని చూపించాక తప్పు తనే పట్టుకుంటోంది.

సమాంతర రేఖల గొడవ వేరే. నోట్సు చూసి వాళ్ల లెక్కల మేడమ్ చెప్పారు: తిర్యగ్రేఖ (రెండు రేఖలను ఖండించే గీత) కనిపిస్తే చాలు, ఏకాంతర కోణాలు (ఆ రెండు రేఖల మధ్య, ఆ గీతకు చెరోవైపు, ఒక్కో రేఖ దగ్గర ఒకటిగా ఉండేవి) సమానమని రాసేస్తోందట. ఆ రెండు రేఖలు సమాంతరమో కాదో చూడటమే లేదు! రూళ్ల కాగితం గీతల మీద ఒకసారి, ఎడంగా విచ్చుకుపోయే రెండు గీతల మీద ఒకసారి కొలిపించారు. తేడా తనకే తెలిసింది. శీర్షాభిముఖ కోణాలు (రెండు గీతలు ఖండించుకున్న చోట ఎదురెదురుగా ఉండేవి) మాత్రం రెండు చోట్లా సమానమే.

కొత్త జామెట్రీ బాక్స్ వల్ల ఏమీ మారలేదు. కంటి పరీక్ష కూడా చేయించాం, చూపు బాగానే ఉంది. భుజాలు పొడవుగా ఉంటే కోణం పెద్దదనుకుంటోందేమో అన్నారు ఒకరు; అడిగి చూశాను, ఆ అయోమయం లేదు.