అడవిపందుల బిల్లు "మాండలేలీ" అంటే చట్టం అయినట్టేనా?

రాజురా రైతుబిడ్డ:

నమస్తే అండి. మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా, తెలంగాణ సరిహద్దుకు దగ్గరి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కాగితాలన్నీ మరాఠీలోనే వస్తాయి కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లకు నేనే చదివి చెప్తుంటాను.

నాగపూర్ అధివేశన్ (అసెంబ్లీ సమావేశాలు) ముగిశాక మా వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ వచ్చింది. విదర్భ ఆమదార్ (ఎమ్మెల్యే) ఒకాయన ఫోటో, దాని కింద "మాండలేలీ అశాసకీయ విధేయకే" అని నాలుగు బిల్లుల పేర్లు. మూడోది మాకు కావలసింది: అడవిపందులు పాడుచేసిన పంటకు నెల లోపల నష్టపరిహారం ఇవ్వాలని. పక్కింటి పెదనాన్న నాతో రెండుసార్లు చదివించుకుని, "అయితే కానూన్ అయిపోయింది గదా బిడ్డా, ఇగ చేనుకాడ పండుకునుడు బంద్" అన్నాడు. అవునని చెప్పలేకపోయాను, కాదని చెప్పడానికీ నాకు తెలియదు.

ఇది నాకెందుకింత ముఖ్యమో చెప్తాను. శనగ చేను చుట్టూ పాత చీరలు కట్టాం. నా పెళ్లినాటి ఎర్రచీర కూడా అందులోనే ఉంది. ఒకరోజు తెల్లవారి వెళ్లి చూస్తే సరిగ్గా ఆ చీర కిందినుంచే దూరాయి. సాళ్లన్నీ నాగలి పెట్టి తిరగేసినట్టున్నాయి. చీర అంచుకు బురద, ముళ్లలాంటి నల్లటి వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. అవి తీసి కాగితంలో చుట్టి దాచాను, రుజువుగా చూపిద్దామని. అదే రోజు అర్జీ ఇచ్చాం. పంచనామాకు మనిషి వచ్చింది పదకొండో రోజున. అప్పటికి మధ్యలో ఒక వాన పడిపోయింది. డెక్కల గుర్తులు ఎక్కడుంటాయి?

ఈ బిల్లు చట్టం అయిందా? కాకపోతే ఇప్పుడు ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

బల్లార్‌పూర్ టైపిస్టు:

కాలేదమ్మా. "మాండలేలీ" అంటే సభ ముందు పెట్టినవి అని మాత్రమే. "మంజూర్" అని ఉంటే సభ ఒప్పుకున్నట్టు. నేను చాలా ఏళ్లు వకీళ్ల దగ్గర టైపు కొట్టాను, ఈ రెండు మాటలు కలిపేసుకుని ఆశపడి వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో.

మంత్రి కాని సభ్యుడు తెచ్చేదే అశాసకీయ విధేయక్. అది విధానసభలో 288 మంది ముందు నెగ్గాలి, తర్వాత 78 మంది ఉండే విధాన పరిషత్‌లో, అంటే శాసన మండలిలో నెగ్గాలి, ఆపైన గవర్నర్ సంతకం. పార్లమెంటులోనే స్వాతంత్ర్యం వచ్చినప్పటినుంచి ఇలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో.

మీ బిల్లుకు ఇంకో ముడి ఉంది. పరిహారం అంటే ఖజానా డబ్బు. రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం అలాంటి బిల్లును గవర్నర్ సిఫార్సు లేకుండా సభ పాస్ చేయకూడదు. గవర్నర్ నడిచేది మంత్రివర్గం సలహా మీద. అంటే సర్కారుకు ఇష్టం లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

పందులను చంపే హక్కు కూడా అడిగి ఉంటే దారి మరీ పొడుగు. 1972 వన్యప్రాణి చట్టం కేంద్రానిది, దానికి అడ్డం వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. మన శంకర్‌పట్ సంగతి గుర్తుందిగా? 2014లో సుప్రీంకోర్టు ఎడ్ల పందేలు ఆపింది, 2017లో మన రాష్ట్రం చట్టం మార్చి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది, అది చెల్లుతుందని కోర్టు చెప్పేసరికి 2023 మే వచ్చింది.

కిన్వట్ తమ్ముడు:

అక్కా, మా నాందేడ్ వైపు కూడా పందుల బాధ ఇదే. ఒక్కటి ఆలోచించండి. 2024 నాగపూర్ అధివేశన్ డిసెంబర్ 16 నుంచి 21 వరకు, ఆరు రోజులే. అంత తక్కువ రోజుల్లో సర్కారు బిల్లులు పోను ఈయన బిల్లుకు వంతు ఎప్పుడు రావాలి? నాకైతే ఇవి పోస్టర్ కోసమే పెడతారనిపిస్తుంది. లక్షవేధి (సమస్యను మంత్రి దృష్టికి తెచ్చే నోటీసు) పెట్టమనండి, లేదా తారాంకిత ప్రశ్న (సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న) వేయమనండి. మంత్రి లేచి సభలో జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డులో ఉంటుంది.

బల్లార్‌పూర్ టైపిస్టు:

లక్షవేధి మాట నిజం తమ్ముడూ, కానీ బిల్లును అంత తేలిగ్గా తీసిపారేయొద్దు. 2015లో తమిళనాడు ఎంపీ తిరుచ్చి శివ గారి ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును రాజ్యసభ పాస్ చేసింది. అది అక్కడితో ఆగినా సర్కారు తన బిల్లు తేవాల్సి వచ్చింది, 2019లో చట్టం అయింది. మన రోజ్‌గార్ హమీ, అంటే ఉపాధి హామీ చూడండి. అది అశాసకీయ విధేయక్ కాదు, కానీ విధాన పరిషత్ సభాపతిగా ఉన్న వి.ఎస్. పాగే ఆలోచనతో మొదలై 1977లో చట్టమైంది. ఒక సభ్యుడు పట్టుబట్టడం వృథా కాదు.

అమ్మా, ఆ ఆమదార్ ఆఫీసులో విధేయక్ క్రమాంకం (బిల్లు నంబరు) అడిగి, ప్రతి తెప్పించుకోండి. పేరు చూసి సంతోషపడొద్దు, లోపలి కలమ్ (సెక్షన్) చదవండి. నెల అన్నారు, సరే. ఏ రోజునుంచి నెల? పంట పోయిన రోజా, అర్జీ ఇచ్చిన రోజా, పంచనామా అయిన రోజా?

రాజురా రైతుబిడ్డ:

పెద్దాయనా, మీకు దండం. నిన్న ఫోన్ చేస్తే పీఏ గారు మర్యాదగానే మాట్లాడి ప్రతి వాట్సాప్‌లో పంపారు. మీరు అడిగిందే అందులో ఉంది: "పంచనామా జాల్యాపాసూన్". పంచనామా అయినప్పటినుంచట! మాకు పదకొండు రోజులు పోయింది దానికి ముందే. బిల్లు రేపే చట్టమైనా మా చేనుకు అందులో చోటు లేదు.

రాత్రి కూర్చుని మరాఠీలో ఉత్తరం రాశాను. ఆ మాట తీసి "అర్జ్ దిల్యాపాసూన్" (అర్జీ ఇచ్చినప్పటినుంచి) అని మార్చమని, పంచనామాకు కూడా రోజులు ఇన్ని అని రాయమని. తమ్ముడు చెప్పినట్టు వచ్చే అధివేశన్‌లో లక్షవేధి కూడా పెట్టమని అడిగాను. ఊళ్లో ముప్పై ఒక్క మంది సంతకాలు పెట్టారు, వాళ్లలో తొమ్మిది మంది తెలుగులో పెట్టారు. పెదనాన్నకు అంతా చదివి చెప్పాను. ఏమీ అనలేదు, సంతకం పెట్టి, టార్చి తీసుకుని మంచె దగ్గరికి వెళ్లాడు.