25 ఫ్రేముల డీవీడీ ఆడియోని బ్లూరేకి కలపడం ఎలా?

ఒక పాత సినిమా బ్లూరే కొన్నాను. అందులో తెలుగు ఆడియో లేదు. నా దగ్గరున్న పాల్ (సెకనుకి 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీలో ఉంది. ఆ రెండూ కలపాలని చూస్తున్నా. బ్లూరే 2 గంటల 24 నిమిషాలు, డీవీడీ 2 గంటల 18. సీన్లేమీ కట్ కాలేదు, 24 ఫ్రేముల ఫిల్మ్‌ని 25కి పరిగెత్తించారంతే.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో (ఆడియో, వీడియో మార్చే సాఫ్ట్‌వేర్) అటెంపో అనే వేగం మార్చే ఫిల్టర్‌కి 0.96 పెట్టాను. మొదట్లో బాగానే ఉంది, క్లైమాక్స్‌కి వచ్చేసరికి మాట పెదవుల కన్నా 8 సెకన్లు ముందే వస్తోంది. బ్లూరే 24 కాదు, 23.976 అని తర్వాత చూశా. అంటే 0.95904 పెడితే సరిపోతుందా?

అసలు సందేహం శ్రుతి గురించి. అటెంపో వేగం తగ్గిస్తుంది కానీ శ్రుతి మార్చదు కదా. పాటలు ఇంకా కీచుగానే ఉన్నాయి, దాదాపు 0.7 సెమీటోన్ ఎక్కువ, హార్మోనియంలో ఒక మెట్టుకి కాస్త తక్కువ. అసెట్‌రేట్ అనే ఫిల్టర్‌తో ఆడియో శాంపుల్ రేటు (సెకనుకి ఎన్ని శాంపుల్స్ అన్నది) 46034 అని ఇచ్చి, మళ్ళీ మామూలు 48000కి రీశాంపుల్ చేస్తే వేగం, శ్రుతి రెండూ దిగుతాయని విన్నాను. కానీ కొన్ని డీవీడీల్లో శ్రుతి ముందే సరిచేసి ఉంటుందట. నా డిస్క్ ఏ రకమో ఎలా తేల్చుకోవాలి? బ్లూరేలోని వేరే భాష ట్రాక్‌లో నేపథ్య సంగీతంతో పోల్చితే చాలా? చెవి మీద నాకంత నమ్మకం లేదు.