నెలలు నిండకుండా పుట్టిన పాప పాలు తాగేటప్పుడు ఆయాసపడుతోంది, బరువు సరిగా పెరగడం లేదు

మా పాప 29 వారాలకే పుట్టింది, 1,120 గ్రాములు. 41 రోజులు ఆక్సిజన్ మీద ఉంది, బీపీడీ (నెలలు నిండని పిల్లలకు వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు. 58వ రోజున 2.05 కిలోలతో ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు నాలుగు నెలలు, పుట్టాల్సిన అసలు తేదీ నుంచి లెక్కేస్తే నెలన్నర. బరువు 3.1 కిలోలు.

పిండిన నా పాలే, రోజుకు ఎనిమిదిసార్లు 55 మి.లీ. చొప్పున పడుతున్నాం. 25 మి.లీ.కి ఒక సాచెట్ ఫోర్టిఫైయర్ (తల్లిపాలలో పోషకాలు పెంచే పొడి) కలిపేవాళ్లం. మలబద్ధకం వచ్చిందని మూడు వారాల క్రితం డాక్టర్ ఆపించారు. అప్పటి నుంచి రోజుకు పది గ్రాములే పెరుగుతోంది. అంతకుముందు ఇరవై దాటేది. సగం పాలు తాగేసరికి డొక్కలు ఎగరేస్తుంది, శ్వాస నిమిషానికి 65 దాకా వెళ్తుంది, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96 నుంచి 91కి పడుతుంది. ఆపి భుజాన వేసుకుంటే రెండు నిమిషాల్లో మామూలవుతుంది. ఎకో (గుండె స్కాన్) నార్మల్.

సీసా మాని ఉగ్గుగిన్నెతో పట్టాం, రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా ఇచ్చాం. తేడా లేదు. పాలు పెంచితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చని డాక్టర్ వద్దన్నారు. బరువు పెరిగితేనే కొత్త గాలి గదులు ఏర్పడి ఊపిరితిత్తులు కోలుకుంటాయనీ ఆయనే అన్నారు, ఇక టెన్షన్ పడక ఏం చేస్తాం! (అత్తయ్యేమో వసకొమ్ము అరగదీసి నాకించమంటున్నారు. నాకు ధైర్యం చాలలేదు.)

సోమవారం మళ్లీ చూపించాలి. బీపీడీ ఉన్న పిల్లలకు పాల కొలత పెంచకుండా కేలరీలు పెంచడానికి మీ డాక్టర్లు ఏం కలపమన్నారు?