రోగం లేకపోతే ఆరోగ్యమేనా?

మొదటి పోస్టు:
అందరికీ నమస్కారం. గుంటూరు వైపు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పిల్లలు చదివేది ఇంగ్లీషు పుస్తకం, వార్డులో పేషెంటు మాట్లాడేది తెలుగు. ఫస్ట్ ఇయర్‌లోనే డిసీజ్ వేరు, ఇల్‌నెస్ వేరు అని ఒక పాఠం వస్తుంది. పరీక్షల్లో డాక్టరుకి దొరికేది మొదటిది, మనిషికి లోపల తెలిసేది రెండోది. షుగర్ మూడు వందలున్నా "నాకేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నా" అనేవాళ్ళకి మొదటిది ఉంది, రెండోది లేదు. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా మంచం దిగలేనివాళ్ళ సంగతి దీనికి తలకిందులు. నేను రెండింటికీ "జబ్బు" అనే చెప్తున్నాను, పిల్లలు రెండూ ఒకటే అనుకుంటున్నారు. వేరువేరు మాటలు చెప్పండి. వెల్‌నెస్‌కి కూడా ఒకటి కావాలి.

జవాబు (రిటైరైన సంస్కృతం మాస్టారు):
అమ్మా, ముందు ఆరోగ్యం సంగతే చూడండి. రోగం లేనివాడు అరోగుడు, వాడి స్థితి ఆరోగ్యం. ఆ మాటలో ఉన్నదల్లా రోగం లేకపోవడమే. దానికి మళ్ళీ "అన్" తగిలించి అనారోగ్యం అన్నాం, అంటే రోగం లేకపోవడం లేకపోవడం! రోగం అంటే సరిపోయేదానికి ఇంత చుట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చింది. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదు, ఒంటికీ మనసుకీ నలుగురితో బతుకుకీ పూర్తిగా బాగుండటం అని అందులో ఉంది. తెలుగులో ఆ మొదటి సగాన్ని మాట విడగొట్టి చదివితే "రోగం లేకపోవడమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదు" అని వస్తుంది.

వెల్‌నెస్‌కి నా ఓటు స్వస్థతకే. స్వస్థుడంటే తనలో తాను నిలిచినవాడు. ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, సూత్రస్థానమనే భాగంలో శ్లోకం:

సమదోషః సమాగ్నిశ్చ సమధాతుమలక్రియః
ప్రసన్నాత్మేంద్రియమనాః స్వస్థ ఇత్యభిధీయతే

వాతపిత్తకఫాలనే దోషాలు, జఠరాగ్ని, రక్తమాంసాల్లాంటి ధాతువులు, విసర్జన అన్నీ సమంగా ఉంటే చాలనలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉంటేనే స్వస్థుడన్నాడు.

జవాబు:
శ్లోకం బాగుంది మాస్టారూ. కానీ స్వస్థత అనగానే జనానికి గుర్తొచ్చేది స్వస్థత ప్రార్థనలు. ఉన్న జబ్బు నయం కావడం అనే అర్థం ఆ మాటకి గట్టిగా పడిపోయింది. జబ్బే లేనివాడు ఇంకా బాగుండటానికి అది పనికిరాదు.

జవాబు (కరీంనగర్ నుంచి):
మా దిక్కు "పాణం మంచిగ లేదు" అంటం. పాణమంటే ఇక్కడ ప్రాణం ఒక్కటే కాదు, ఒళ్ళూ మనసూ అన్నీ అండ్లనే. ఇంకోటి "శాతనైతలేదు". మా అవ్వ ఒళ్ళు కాలుతున్నా నాటుకు పోయేది, అడిగితే ఏం కాలేదనేది. శాతగాని రోజే తనకు బాగలేని రోజు.

మొదటి పోస్టు రాసినవారు:
అన్నా, మీ అవ్వ మాట మా సిలబస్‌లో ఉంది! జుడిత్ స్మిత్ అనే ఆమె 1981లో ఆరోగ్యాన్ని నాలుగు రకాలుగా చూడొచ్చని రాసింది. రోగం లేకపోవడం ఒకటి, మాస్టారు విప్పిన ఆరోగ్యం అదే. తన పని తాను చేసుకోగలగడం ఇంకొకటి, అది మీ శాతనవడం. చుట్టూ ఉన్నవాటికి సర్దుకోగలగడం మూడోది. నాలుగోది మనిషి తన నిండుదనానికి చేరడం, దానికి సుశ్రుతుడి ప్రసన్నత దగ్గరగా ఉంటుంది. మూడోదానికే మాట దొరకడం లేదు.

జవాబు (దుబాయ్ నుంచి):
ఎందుకు లేదు సిస్టర్ గారూ? "నీళ్ళు పడలేదు" అనమా? నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒళ్ళంతా దద్దుర్లు. ఫోన్లో అమ్మ ఏ టెస్టూ అడగలేదు, "ఆ నీళ్ళు పడలేదురా" అని తేల్చేసింది.

జవాబు:
ఇల్‌నెస్‌కి నలత సరిపోదా? లేదంటే సుస్తీ?

జవాబు:
నలత చిన్నవాటికే. కీమోకి వచ్చినవాళ్ళతో "నలతగా ఉందా" అంటే ఎగతాళిలా ఉంటుంది. సుస్తీ ఉర్దూ నుంచి వచ్చిన మాట, అక్కడ అర్థం బద్ధకం. పాతబస్తీ వార్డులో వాడితే పేషెంటు కొడతాడు.

మొదటి పోస్టు రాసినవారు:
సరే, డిసీజ్‌కి వ్యాధి. ఇల్‌నెస్‌కి "బాగోలేకపోవడం". పొడుగే, కానీ పేషెంటు నోట వచ్చేది అదే. కేస్ షీట్‌లో మాత్రం వాళ్ళు పాణమంటే పాణమనే, శాతకాలేదంటే అలాగే రాయమంటాను. వెల్‌నెస్ గడి ఇంకా ఖాళీ. కులాసా పెట్టేద్దామా?

జవాబు (సంస్కృతం మాస్టారు):
పెట్టండి. కాకపోతే పరీక్షలో "కులాసాను నిర్వచింపుము" అని అడిగిన రోజు నాకో మాట చెప్పండి, పేపర్లు నేను దిద్దిపెడతాను.