గాలి లేనప్పుడు పెద్ద అలలున్నా నీటి అడుగున శబ్దం తక్కువెందుకు?

ప్రశ్న (తిరువాన్మియూరు, చెన్నై):
మా విద్యార్థి బృందం కాశిమేడు చేపల రేవు నుంచి పడవలో వెళ్లి, ఇంజను ఆపి, హైడ్రోఫోను (నీటి అడుగున పనిచేసే మైకు) దింపి సముద్రపు శబ్దాన్ని రికార్డు చేస్తోంది. ఒక ఉదయం గాలి దాదాపు లేదు గానీ, పడవను నెమ్మదిగా ఎత్తి దించే పొడవాటి అలలు వచ్చాయి. మరో మధ్యాహ్నం అలలు చిన్నవే. అయితే సముద్రపు గాలి గట్టిగా వీచి అక్కడక్కడా తెల్లని నురగ కనిపించింది. 1 కిలోహెర్ట్జ్‌కు పైన రెండోసారే శబ్దం బాగా ఎక్కువగా ఉంది. కారణం వివరించగలరా?

మొదటి జవాబు:
ఆ నురగలోనే మీ సమాధానం ఉంది. అల విరిగినప్పుడు నీటిలో చిక్కుకున్న గాలి బుడగ, ఏర్పడిన క్షణాన గంటలా మోగుతుంది. శాస్త్రవేత్త మిన్నార్ట్ 1933లో ఇచ్చిన సూత్రం ప్రకారం 1 మిల్లీమీటరు వ్యాసార్ధం గల బుడగ ఉపరితలం దగ్గర సుమారు 3.3 కిలోహెర్ట్జ్ వద్ద మోగుతుంది. ఎక్కడో దూరాన పుట్టి వచ్చిన పొడవాటి అల లోతు నీటిలో విరగదు కాబట్టి, ఎంత ఎత్తున్నా ఈ బుడగలను పుట్టించదు. 1962లో సముద్ర శబ్దాల పరిశోధకుడు వెంజ్ ప్రకటించిన అంచనా ప్రకారం, 500 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ వరకు గాలి వేగం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 5 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే 5 నాట్ల (ఒక నాట్ గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి 20 నాట్లకు చేరితే 10 డెసిబెల్స్, తీవ్రతలో పదింతలు.

రెండో జవాబు:
పై వివరణ సరైనదే గానీ, రేవు పక్కన దాన్ని నేరుగా వర్తింపజేయకండి. కొన్ని వందల హెర్ట్జ్‌ల లోపు మీకు వినబడేది ప్రధానంగా ఓడల రొద. తీరపు వెచ్చని నీళ్లలో చిటపటలాడే రొయ్యలుంటే, గాలి ఉన్నా లేకున్నా 2 కిలోహెర్ట్జ్‌కు పైన వాటిదే హోరు. సన్నని వాన పడినా 15 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో శబ్దం లేస్తుంది. పెనుగాలుల్లో మరో చిక్కు: దట్టమైన బుడగల పొర హెచ్చు పౌనఃపున్యాలను తానే మింగేస్తుంది కనుక, అక్కడ గాలి పెరిగినా శబ్దం పెరగకపోవచ్చు, తగ్గనూవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గాలి వేగాన్ని మీనంబాకం విమానాశ్రయపు నివేదిక నుంచి తీసుకుంటే సరిపోతుందా?

రెండో జవాబు ఇచ్చినవారు:
సరిపోదు. సముద్రపు గాలి తీరాన్ని తాకిన తరువాతే అక్కడికి చేరుతుంది. దారిలో ఊరి కట్టడాలు దాని వేగాన్ని తగ్గిస్తాయి. పడవలోనే చిన్న గాలి కొలమానం పెట్టి, అది నీటికి ఎంత ఎత్తున ఉందో కూడా రాసుకోండి. హైడ్రోఫోనును పడవకు దూరంగా ఒక తేలుడు బంతికి వేలాడదీయండి. లేకపోతే చెక్కకు నీళ్లు తట్టే చప్పుడునే మీరు గాలి శబ్దంగా లెక్కిస్తారు.